పొక్కులెక్కిన అరచేతులు

ఒంగోలుకు తూర్పుగా సముద్రపు అంచు వెంట బకింగుహాము కాలువ పోవుచున్నది. ఉత్తరమున పెదగంజాము మొదలుకొని దక్షిణమున తమిళదేశములోని మరక్కాణము వరకు సాగిన ఈ ఉప్పునీటి కాలువమీద ఒకప్పుడు ధాన్యమును, ఉప్పును, వంటచెరకును మోసిన పడవలు నడచినవి. ఆ పడవలు ఇప్పుడు లేవు; చాలచోట్ల కాలువయే పూడిపోయినది. పేరు మాత్రము 1875 మొదలు 1880 వరకు మద్రాసు గవర్నరుగా నుండిన బకింగుహాము ప్రభువును తలపించుచు నిలిచియున్నది. త్రవ్వించినవారి పేరులు మిగులుట, త్రవ్వినవారి పేరులు మాసిపోవుట లోకములో క్రొత్త సంగతి కాదు. అయినను ఈ కాలువలో మూడున్నర మైళ్ళ భాగమునకు వేరొక చరిత్ర కలదు. 1877లో ఆ భాగమును త్రవ్వినవారు పని ముగిసిన పిమ్మట ఒంగోలులోని అమెరికను మిషనరీకి తమ అరచేతులు చూపి ఒక కోరిక కోరిరి. ఆ కోరిక ఏమో, దాని వెనుక ఏమి నడచినదో ఈ ప్రసంగమున చెప్పదలచితిమి.

దినదినము చేయు కూలిపనికిని, చేతిపనికిని దేవునితో ఏమి సంబంధమని క్రైస్తవులు ఆదినుండియు ప్రశ్నించుకొనుచునే యున్నారు. ఈ ప్రశ్నకు పండితులు వ్రాసిన సమాధానములు చాల కలవు. అక్షరము రానివారు తమ బ్రతుకులో వెదకికొన్న సమాధానము అరుదుగా మన కంటబడును. అందువలననే ఒంగోలు కథ మాకు ముఖ్యముగా తోచినది.

ఆ కాలమున ఒంగోలు నెల్లూరు జిల్లాలోనిది. (1904లో గుంటూరు జిల్లా ఏర్పడినపుడు అందు చేరి, 1970లో ప్రస్తుతపు ప్రకాశము జిల్లాకు ముఖ్యపట్టణమైనది.) ఆ మెట్టసీమలో మాదిగవారి పని ఏమిటో మొదట తెలిసికొనవలెను. ఊరికి వెలుపల, తరచు దక్షిణపు దిక్కున, వారి పల్లె. పల్లె చివర తంగేడుచెక్కతో తోళ్ళు నానవేయు లందలు. ఆరెయు, రంపెయు వారి పనిముట్లు. రైతుకు చెప్పులు, ఎడ్లకు పట్టెడలు, వారులు, చర్నాకోలలు, అన్నిటికంటె ముఖ్యముగా బావినుండి నీరు తోడు కపిలకు తోలుబాన వారు కుట్టి యిచ్చెడివారు. బాన చిరిగిన దినమున తోట ఎండును. కనుక మాదిగవాని చేయి ఆడక ఊరి వ్యవసాయము సాగెడిది కాదు. ఇందులకు ప్రతిఫలము రొక్కము కాదు. పంట వచ్చినపుడు కళ్ళము వద్ద కొలిచి యిచ్చు మేర. పంట పండనియేడు మేరయు లేదు. చచ్చిన పశువు తోలు వారిది, మాంసమును వారిదే. ఊరి దేవతల కొలువులలో డప్పు కొట్టుట వారి విధి. పిలిచిన గడియకు పోవలెను. పోనని చెప్పు వాడుక లేదు.

ఈ చివరిమాటను శ్రోతలు మనసున నుంచుకొనవలెనని మనవి.

ఇట్టి కుటుంబములో పుట్టినవాడు యెర్రగుంట్ల పేరయ్య. ఒంగోలుకు పడమట సుమారు 40 మైళ్ళ దూరమున ఆయన ఊరు. తోళ్ళ వ్యాపారమునకై ఉత్తరముగా ఏలూరు దిక్కునకు పోవుచుండెడివాడు. కేవలము తోళ్ళు బేరమాడువాడు కాడు. రాజయోగ మార్గమున ఉపదేశము పొంది, తనవారిలో గురువుగా మన్నన పొందినవాడు. దీనికి ఆశ్చర్యపడ నక్కరలేదు. పోతులూరి వీరబ్రహ్మముగారి శిష్యులలో కక్కయ్య అను మాదిగవాడు ఉండెనని మన జనులు నేటికిని చెప్పుకొందురు. చెప్పులు కుట్టువాడు పరతత్త్వమును గూర్చి యోచించుట ఈ నేలకు మిషనరీలు తెచ్చిన క్రొత్తదనము కాదు. మిషను చరిత్రలు వ్రాసినవారిలో కొందరు ఈ సంగతిని దాటిపోయిరి. అది న్యాయము కాదని మా అభిప్రాయము.

పేరయ్య ఏలూరు పోవు మార్గమున క్రీస్తుబోధ వినెను. విన్నది మనసున నాటుకొనెను. 1866లో ఆయనయు, భార్య నాగమ్మయు బాప్తిస్మము పొందిరి. ఆ సంవత్సరమే ఒంగోలులో కాపురము పెట్టిన జాన్ ఎవరెట్ క్లౌ అను అమెరికను బాప్టిస్టు మిషనరీకి పేరయ్య కుడిభుజ మయ్యెను. 1867 జనవరి 1వ తేదీన ఒంగోలు సంఘము స్థాపితమైనపుడు అందలి సభ్యులు ఎనమండుగురు మాత్రమే. తరువాతి పది సంవత్సరములలో ఆ సంఖ్య వేలకు పెరిగెను. చేరినవారిలో అత్యధికులు మాదిగలే.

సంఘములో చేరువారికి క్లౌ దొర మూడు నియమములు పెట్టెను: ఆదివారము పని చేయరాదు, చచ్చిన పశువు మాంసము తినరాదు, విగ్రహములను కొలువరాదు. మూడవ నియమములోనే దేవతల కొలువున డప్పు కొట్టుట మానుటయు చేరియుండెను. వినుటకు ఇవి సామాన్యమైన మతనియమములవలె కనిపించును. కాని ఒంగోలు పల్లెలలో ఈ మూడును కలిసి ఊరి కట్టుబాటును కుదిపినవి. పట్టెడ తెగుట ఆదివారమని చూచి తెగదు. బాన చిరుగుటకు వారము లేదు. కరణమును, మునసబును, పెద్దరైతులును కోపించిరి. కొన్ని యూళ్ళలో క్రైస్తవులైన మాదిగలకు పని లేకుండ చేసిరి. కొన్నింట నీటి రేవులు మూసిరి. అబద్ధపు నేరములు మోపుటయు జరిగినది. అయినను నియమములు తప్పనివారు చాలమంది యుండిరి.

మేము ఈ ఘట్టమును చదువునపుడు మొదట మనసునకు తట్టినది జాలి. మేర తప్ప వేరు ఆధారము లేని పేదలపై ఇట్టి బరువు మోపుట తగునా అని. నిదానించి చూచినకొలది వేరొక సంగతి కనబడినది. ఈ నియమములు చెప్పులు కుట్టుటను తప్పు పట్టలేదు. లందను పూడ్చుమని చెప్పలేదు. తోలును ముట్టుట పాపమని ఊరు అనెను గాని క్లౌ దొర అనలేదు. మానవలసినవి మాని, తక్కిన పని చేయుచునే యుండవచ్చును. అనగా పుట్టుకతో మూటగా నెత్తికెత్తిన విధులను క్రిందికి దించి, మూట విప్పి, ఇది ఉంచుకొందును, ఇది విడుతును అని ఏరుకొను అవకాశము మొదటిసారి ఆ మనుష్యులకు కలిగెను. ఆరు దినములు చేసినవాడు ఏడవదినమున పోనని చెప్పగలిగిన పిమ్మట, ఆ ఆరుదినముల పనియు మునుపటి పని కాదు. కాదనలేనివాడు ఇచ్చినది కప్పమే యగును గాని కానుక కాదు.

డప్పును గూర్చి మాత్రము ఒక మాట. డప్పు గొప్ప వాద్యము. దానిని విడుచుటలో నష్టమును కలదు. ఈ ప్రకాశము జిల్లాలోనే ఈదుముడి గ్రామమున 1994లో ఆరంభమైన మాదిగ దండోరా ఉద్యమము డప్పునే తన గుర్తుగా ఎత్తుకొన్నది. తాతలు బలవంతపు కొలువని దించిన డప్పును మనుమలు తమ ఇష్టముతో భుజమునకు తగిలించుకొనిరి. రెండును ఒకే స్వాతంత్ర్యము యొక్క రెండు రూపములని చెప్పినచో తప్పు కాదేమో.

తోలుపనివారికి క్రైస్తవగ్రంథమునందు బంధువులు లేకపోలేదు. పేతురు యొప్పే పట్టణమున సముద్రపు దరి నున్న సీమోను అను చర్మకారుని ఇంట చాల దినములు బస చేసెనని అపొస్తలుల కార్యములలో నున్నది. యూదుల ఆచారము ననుసరించి చచ్చిన జంతువులను ముట్టువాని ఇల్లు శుచియైనది కాదు. అయినను పేతురు అచ్చటనే దిగెను. పౌలు కొరింథులో అకుల ప్రిస్కిల్లలతో కలిసి డేరాలు కుట్టి జీవనము చేసెను. ఆరవ శతాబ్దమున ఇటలీలో బెనెడిక్టు అను సన్యాసి తన మఠమునకు వ్రాసిన నిబంధనలలో, వంటపాత్రలను, పనిముట్లను బలిపీఠముపై పాత్రలతో సమానముగా చూడవలెనని విధించెను. మన దేశమునకు వచ్చిన బాప్టిస్టు మిషనరీలలో ఆద్యుడగు విలియము కేరీ ఇంగ్లండులో చెప్పులు కుట్టినవాడు. ఆయన నడపిన శ్రీరామపురపు అచ్చుకూటమునుండియే 1818లో తెలుగు క్రొత్తనిబంధన వెలువడినది.

పదునారవ శతాబ్దమున జర్మనీలో మార్టిను లూథరు చెప్పినది ఇంతకంటె విస్తారమైనది. దైవపిలుపు సన్యాసికే కాదు, పాలు పితుకు దాసికిని, చెప్పులు కుట్టువానికిని కలదని ఆయన వాదము. జర్మనుభాషలో వృత్తికి వాడు 'బెరూఫ్' అను మాటలోనే పిలుపు అను అర్థ మిమిడియున్నది. చక్కని భావము. కాని దీనికి ఒక పదునైన వెనుకవైపు కలదు. ఎవని స్థానమున వాడుండి దేవుని సేవించవలెనను మాట, స్థానములు పుట్టుకతో నిర్ణయమైపోయిన ఊరిలో పలికినపుడు ఎవరికి అనుకూలమగును? ఒంగోలు కరణమును ఆ మాటకు సంతోషముతో తల యూపెడివాడే. ఉన్న పని అంతయు దైవదత్తమని కన్నులు మూసి ఒప్పుకొనక, పనిని జల్లించి చూచుటయే ఒంగోలు మాదిగల విశేషమని మేము భావింతుము.

ఇంతలో కరవు వచ్చినది. 1876లో ఋతుపవనములు తప్పినవి. 1878 వరకు సాగిన ఆ కరవున దక్షిణ దేశమున మరణించినవారి సంఖ్య 50 లక్షలకు పైబడునని చరిత్రకారుల అంచనా. పంట లేనిచో మేర లేదు. పశువులు చచ్చినపుడు కొన్నాళ్ళు తోళ్ళు విరివిగా దొరకినవి గాని కొనువాడు లేడు. సర్కారు సహాయపు పనులు పెట్టెను. సర్ రిచర్డు టెంపులు 1877 ఆరంభమున మద్రాసు రాజధానికి వచ్చి, పనివానికి దినమునకు ఒక పౌను ధాన్యమును, దానిపై కొలదిపాటి రొక్కమును చాలునని నిర్ణయించెను. మట్టి త్రవ్వు మనిషికి ఆ కూలి ప్రాణము నిలుపుటకైనను చాలదని మద్రాసు ఆరోగ్యాధికారి డాక్టరు కార్నిషు గట్టిగా వాదించెను. కొన్ని నెలలకు కూలి హెచ్చించిరి. ఆలోగా పోయినవారు పోయిరి. పనిని దైవసేవ యని పొగడువారు ఈ ఒక పౌను లెక్కను మరువరాదు.

ఒంగోలు మిషను బంగళా చుట్టు ఆకలిగొన్నవారు గుంపులుగా చేరిరి. ఊరక ధర్మము చేయుటకు క్లౌ దొర వద్ద అంత ధనము లేదు. ఉన్నను పనికి అలవాటుపడిన మనుష్యులను బిచ్చమునకు అలవాటు చేయుట ఆయనకు సమ్మతము కాదు. బకింగుహాము కాలువలో మూడున్నర మైళ్ళు త్రవ్వించు కంట్రాక్టును ఆయన తీసికొనెను. మిషనరీకి కాలువపని ఎట్లు తెలియునని శంకింప వచ్చును. ఆయన యౌవనమున అమెరికాలో మినిసోటా ప్రాంతమున భూముల సర్వే చేసి బ్రతికినవాడు; గొలుసు పట్టుటయు, మట్టము చూచుటయు, ప్లాను చదువుటయు ఆయనకు చేతనైన విద్యలు. ఈ సర్వేవిద్యయే ఆ సంవత్సరమున ఎన్నో ప్రాణములు కాపాడినదని చెప్పవచ్చును.

కాలువగట్టున తాటాకు పాకలతో ఒక పెద్ద మకాము వెలసెను. మగవారు పలుగు పారలతో త్రవ్వుట, ఆడువారు తట్టలతో మట్టి గట్టునకు మోయుట. దూరపు తాలూకాలనుండి నడచి వచ్చుచు దారిలో పడిపోయినవారు కొందరు. మకాముకు చేరి విషూచికి లోనైనవారు మరికొందరు. మిషను బోధకులు సుమారు 30 మంది ఓవర్సీర్లయిరి. ఒక్కొక్కని క్రింద ఇంచుమించు నూరుమంది. నిన్నటివరకు ఊరివారు ఒరే యని పిలిచిన మాదిగ బోధకుడు నేడు కొలకర్ర పట్టుకొని గుంట కొలిచి, కూలి లెక్క వ్రాయించుచున్నాడు. అన్నికులములవారును ఆ పనికి వచ్చిరి. కరవు కట్టుబాట్లను సడలించును. కొలకర్ర పట్టినవాడు న్యాయముగా కొలిచినాడా లేదా అనునదే అపుడు పనివానికి కావలసినది.

మధ్యాహ్నపు ఎండలో పలుగులు దించి కూర్చున్నపుడు బోధకులు ప్రజల నడుమ చేరి మాటలాడెడివారు. పెద్ద ఉపన్యాసములు కావు. శ్రమపడువారిని, బరువు మోయువారిని తన వద్దకు రమ్మని, విశ్రాంతి నిత్తునని క్రీస్తు పిలిచిన వాక్యమునే వారు ఎక్కువగా చెప్పిరని క్లౌ దొర తెలిపియున్నాడు. చదివిన సభలలో ఆ వాక్యమునందలి శ్రమ, భారము అను మాటలకు మనోవేదన, పాపభారము అను వ్యాఖ్యానములు చెప్పుదురు. కాలువగట్టున వ్యాఖ్యానముతో పని లేకపోయినది. తట్ట ప్రక్కనే యున్నది. ఆదివారపు నియమమునకై మాటలు పడిన బోధకుని నోట విశ్రాంతి యను మాట వచ్చినపుడు దానికొక బరువుండెను.

క్రైస్తవులము కాగోరుచున్నామని వందలకొలది వచ్చి అడిగిరి. క్లౌ దొర ఒప్పుకొనలేదు. కూలియు తన చేతిమీదుగా, బాప్తిస్మమును తన చేతిమీదుగా జరిగినచో ఏది దేనికొరకో తెలియదు. ఇంచుమించు 15 నెలలు ఒక్కరికిని బాప్తిస్మ మీయలేదు. మిషనరీల చరిత్రలో ఇట్టి నిగ్రహము తరచు కానరాదు.

1878 నడిమికి వానలు కనబడినవి, సహాయపు పనులు ముగిసినవి. బోధకులను గుండ్లకమ్మ ఒడ్డున, ఒంగోలుకు ఉత్తరముగా సుమారు 10 మైళ్ళలో నున్న వెల్లంపల్లి వద్దకు రమ్మని, ఇకమీదట ధనసహాయ మేమియు ఉండదని క్లౌ దొర వర్తమానము పంపెను. వచ్చినవారు బోధకులు మాత్రమే కాదు. వారి వెనుక వేలాది జనము వచ్చెను. ధనసహాయము లేదని వారికిని స్పష్టముగా చెప్పిరి. అప్పుడు వారు చెప్పిన జవాబును క్లౌ దొర తన జీవితచరిత్రలో వ్రాయించినాడు. తాము సహాయమునకు రాలేదనిరి. తమ చేతులమీది పొక్కులే తాము పని చేసినవారమనుటకు సాక్ష్యమనిరి. ఇకముందును పని చేసికొని బ్రతుకుదుమనిరి. రాబోవు పంటయు తప్పినచో చత్తుము, చచ్చినను క్రైస్తవులుగా చత్తుము, కనుక బాప్తిస్మ మిండని కోరిరి.

బాప్తిస్మము కోరువారిని విశ్వాసమును గూర్చి ప్రశ్నించి, జవాబులు విని, తరువాత చేర్చుకొనుట బాప్టిస్టుల పద్ధతి. వెల్లంపల్లిలో ప్రజలు ప్రశ్నకు ముందే అరచేతులు చాపిరి. పలుగుపిడి ఒరసిన పొక్కు విశ్వాసమునకు రుజువగునా? వేదాంతులు కాదనవచ్చును. ఆ మనుష్యులకు మాత్రము తమ వద్దనున్న అన్నిటిలో అబద్ధమాడనిది అదియొక్కటే యని తోచియుండవలెను.

జూలై 2న 614 మందియు, 3న 2,222 మందియు, 4న 700 మందియు గుండ్లకమ్మ నీటిలో బాప్తిస్మము పొందిరి. ఆరుగురు బోధకులు, ఇద్దరు అలసినపుడు వేరిద్దరుగా, నీటిలో దిగి ఆ కార్యము జరిపిరి. క్లౌ దొర తాను దిగలేదు. ఆ సంవత్సరాంతమునకు సంఖ్య 9,000 దాటెను. జూలై 3వ తేదీ అంకెను అమెరికా పత్రికలు మిక్కిలి చాటినవి. ఆ అంకెలను చాటుటలో కొంత జాతర ధోరణి లేకపోలేదు.

అన్నమునకే మతము మారిరన్న ఆక్షేపణ అప్పుడును పుట్టినది, ఇప్పుడును వినబడును. దానిని పూర్తిగా కొట్టివేయుట మాకు సాధ్యము కాదు. ఆకలినాడు పని యిచ్చినవానిని మనిషి మరువడు. ఆ కృతజ్ఞత ఎచట ముగిసి విశ్వాసము ఎచట మొదలగునో ఆ మనిషికే తెలియదు. అయితే సహాయము నిలిచిపోయినదని విన్న పిమ్మట వచ్చినవారు వీరు. ఊరికి తిరిగిపోయినచో మేరయు, నీటిరేవును ఎవరి చేతిలో నున్నవో ఎరిగినవారు. అన్నమును మాత్రమే లెక్కించుకొన్నవాడు ఆ మూడు నియమములను నెత్తిన పెట్టుకొని ఇంటికి పోవుట లాభసాటి బేరము కాదు.

జూలై 4 గడచిన పిమ్మట జనము ఎవరి పల్లెలకు వారు పోయిరి. అది ఏరువాక కాలము. రెండేండ్లు ముట్టని పట్టెడలు ఎండి బీటలు వారియుండును, బానలు కుట్టవలసియుండును. తరువాతి తరములలో మిషను బడుల వలన ఉపాధ్యాయులైనవారు, నర్సులైనవారు చాలమంది బయలుదేరిరి. లందలు క్రమముగా తగ్గినవి. తొలితరపువారు మాత్రము చాలవరకు తోలుపనిలోనే యుండిరి.

క్లౌ దొర రెండవ భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ ఒంగోలులోని వృద్ధులైన మాదిగ బోధకుల వద్ద కూర్చుండి, వారి కులపు పాతకథలను, యోగుల ముచ్చట్లను, పేరయ్య వంటివారి జీవితములను విని ఇంగ్లీషున ఒక గ్రంథము వ్రాసెను. 1899లో అది అచ్చయినది. రాజుల పేర్లతోను, విజయముల పేర్లతోను మిషను పుస్తకములు వెలువడుచున్న ఆ దినములలో ఆమె తన గ్రంథమునకు పెట్టిన పేరునకు తెలుగున అర్థము, 'చెప్పులు కుట్టుచుండగా' అని.